ఒకే ముఖం, నలభై కూజాలు: మోచే కుమ్మరుల పోలిక వెనక కథ

పై పెదవికి ఎడమ పక్కన పాత గాయం వదిలిన గాటు ఒకటి. దాన్ని పట్టుకునే పరిశోధకులు అతనికి ‘తెగిన పెదవి’ అని పేరు పెట్టారు. పెరూ ఉత్తర తీరంలో దాదాపు పదిహేను వందల ఏళ్ల కిందట బతికిన మోచే జాతి మనిషి. అక్షరాలు లేని సమాజం కాబట్టి అతని అసలు పేరు ఎక్కడా నమోదు కాలేదు. ముఖం మాత్రం 40కి పైగా మట్టి కూజాల మీద మిగిలింది. కొన్నింటిలో పదేళ్ల పిల్లాడు, కొన్నింటిలో ఎదిగొచ్చిన యువకుడు, ఇంకొన్నింటిలో ముప్ఫై దాటి దవడ గట్టిపడ్డ మగవాడు. వయసు మారినా గాటు అదే చోట ఉంటుంది.

మోచే ముఖకూజాను మ్యూజియం అద్దాల వెనక చూసిన ఎవరికైనా ఇది ఊహించి చేసిన బొమ్మ అనిపించదు. ఎదురుగా ఎవరినో కూర్చోబెట్టుకుని చేసినట్టు ఉంటుంది. కళ్ల కింద ఉబ్బు, ముక్కు పక్క నుంచి దిగిన గీత, కాస్త బిగించిన పెదవులు అన్నీ కనిపిస్తాయి. కొలంబస్ రాకముందు అమెరికా ఖండాల్లో మనిషి ముఖాన్ని మట్టిలో చేసినవాళ్లు ఎందరో ఉన్నారు. ఫలానా మనిషి ముఖాన్ని, అదీ అతని బాల్యం నుంచి నడివయసు దాకా వెంటపడి చేసినవాళ్లు అరుదు. ఈ పోలికే ఈ కూజాలకు పేరు తెచ్చింది. చూసేవాళ్లను కొంత దారి తప్పించేదీ అదే. ఫొటో చూసినంత చనువుగా చూసి, ‘రాజు’ అనో ‘యోధుడు’ అనో పేరు తగిలించి ముందుకు సాగిపోతాం. గట్టిగా చెప్పగలిగిన సంగతులు చాలావరకు ముఖం బయట ఉన్నాయి. చెవుల దగ్గర దిగే అచ్చు అతుకులో, నెత్తిన నిలిచిన కొమ్ములో (అంటే కూజా మూతి గొట్టంలో), తలపాగా కట్టులో, అది దొరికిన లోయలో వాటిని వెతకాలి. అసలు చిక్కుప్రశ్న కూడా అక్కడి నుంచే పుడుతుంది: ఒక్క మనిషి పోలికను ఇంత శ్రద్ధగా పట్టుకున్నవాళ్లు, ఆ ముఖాన్ని అచ్చు వేసి పదేపదే ఎందుకు తీశారు?

ఎడారిలో లోయలు

పెరూ ఉత్తర తీరం వాన చినుకు కరువైన ఎడారి. ఆండీస్ కొండల్లో పుట్టి పసిఫిక్‌లో కలిసే చిన్న చిన్న ఏళ్లు ఆ ఎడారిని కోస్తూ వరసగా పచ్చటి లోయల్ని చేశాయి. పియురా, లంబాయేకే, హెకెతెపెకే, చికామా, మోచే, విరూ, సాంతా వాటిలో ముఖ్యమైనవి. క్రీ.శ. తొలి శతాబ్దాల నుంచి సుమారు 800 దాకా ఈ లోయల్లో కాలువలు తవ్వి మొక్కజొన్న, చిక్కుళ్లు, గుమ్మడి, పత్తి పండించినవాళ్లను ఇప్పుడు మోచే ప్రజలు అంటున్నాం. పక్కనే ఉన్న సముద్రం చేపలకు లోటు రానివ్వలేదు.

వీళ్లది ఒకే రాజధాని కింద నడిచిన ఒకే రాజ్యమని చాలాకాలం అనుకున్నారు. 1990ల నుంచి ఆ అభిప్రాయం సడలింది. ఉత్తరాన ఉన్న లోయలు ఒక తీరుగా, చికామా, మోచేలతో మొదలయ్యే దక్షిణపు లోయలు ఇంకో తీరుగా నడిచాయని, మతం, కళ ఉమ్మడివే అయినా పాలకులు వేరని ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకుంటున్నారు. ముఖకూజాల విషయంలో ఈ తేడా చాలా ముఖ్యం. అవి ప్రధానంగా దక్షిణపు వాళ్ల సంగతి. చికామా, మోచే, విరూ లోయల్లో విరివిగా కనిపించే ఈ కూజాలు ఉత్తరానికి పోయేకొద్దీ దాదాపు మాయమవుతాయి.

దక్షిణపు కేంద్రం ఇప్పటి ట్రుహియో నగరానికి దగ్గర్లో, సెర్రో బ్లాంకో అనే కొండ పాదంలో ఉంది. అక్కడ ఎదురెదురుగా రెండు హువాకాలు, అంటే పవిత్ర కట్టడాలు, నిలిచాయి. హువాకా దెల్ సోల్ సుమారు 340 మీటర్ల పొడవైన పచ్చి ఇటుకల గుట్ట. 13 కోట్లకు పైగా ఇటుకలు పట్టి ఉంటాయని అంచనా. హువాకా దె లా లూనా అంతకంటే చిన్నది, గోడల నిండా రంగుల ఉబ్బెత్తు బొమ్మలు. రెండింటి మధ్య మైదానంలో ఇళ్లు, వీధులు, పనిశాలలు ఉండేవి. జర్మన్ పురాతత్వవేత్త మాక్స్ ఊలె 1899లో ఇక్కడ తవ్వకం మొదలుపెట్టాకే ఈ సంస్కృతి, స్పెయిన్ వాళ్లు వచ్చేనాటికి ఆండీస్‌ను ఏలుతున్న ఇంకాల కంటే ఎంతో పాతదని తేలింది.

అచ్చులో తీసిన మనిషి

అమెరికా ఖండాల్లో ఆ కాలంలో కుమ్మరి సారె లేదు. గాజుపూత కూడా లేదు. ఉన్నవల్లా మట్టి, చేతులు, అచ్చులు, నిప్పు. వాటితోనే ఈ కూజాలు తయారయ్యాయి.

ముందు కుమ్మరి ఒక తలను గట్టి మట్టితో చేత్తో మలుస్తాడు. శిల్పి పనితనం అంతా ఈ ఒక్కదానిలో ఉంటుంది. అది ఆరాక దాని చుట్టూ తడి మట్టిని దట్టంగా అద్ది, కాస్త బిగిశాక ముందు భాగం, వెనక భాగం రెండు చెక్కలుగా విడదీస్తాడు. ఆ చెక్కల్ని కాలిస్తే అచ్చు సిద్ధం. ఇక ఎప్పుడు కావాలంటే అప్పుడు పలచటి మట్టి పలకల్ని ఒక్కో చెక్కలో వేళ్లతో నొక్కి, రెండింటినీ కలిపి, అతుకు కనపడకుండా బయట నునుపు చేస్తాడు. లోపల మాత్రం చెయ్యి దూరదు. అందుకే పగిలిన ముఖకూజాల లోపలివైపు ఆ వేళ్ల నొక్కులు ఇప్పటికీ అలాగే కనిపిస్తాయి. వినాయక చవితికి రెండు చెక్కల అచ్చులో మట్టి వినాయకుణ్ణి తీయడం చూసినవాళ్లకు ఈ పద్ధతి కొత్తగా ఉండదు. అయితే ఇక్కడి బొమ్మ లోపల గుల్లగా ఉండాలి, నీళ్లు పోస్తే కారకూడదు, నిప్పులో పగలకూడదు. అతుకు సరిగ్గా పడకపోతే మంటలో తల రెండుగా విడిపోతుంది.

అచ్చు నుంచి బయటికొచ్చిన తడి తల మీద మళ్లీ చేతిపని ఉంటుంది. కనురెప్పల అంచు పదును చేయడం, చెవి కమ్మలు అతకడం, తలపాగా ముడిని సరిదిద్దడం. ఆ తర్వాత వడకట్టిన మట్టినీళ్ల పూత. మీగడ తెలుపు, ఇటుక ఎరుపు, ఈ రెండు రంగులతోనే దాదాపు అంతా గడిచిపోతుంది. చర్మానికి ఎరుపు, తలగుడ్డకు తెలుపు, ముఖం మీది రంగుల చారలకు మళ్లీ తెలుపో ఎరుపో. ఆరాక నున్నటి రాయితో రుద్ది మెరుపు తెస్తారు. గాజుపూత లేకపోయినా వాటికి ఆ నిగనిగ అలా వచ్చింది. చివరికి ఆరుబయట, గాలి బాగా ఆడేలా పేర్చిన మంటలో కాలుస్తారు. మట్టిలోని ఇనుము ఎర్రబడుతుంది. కాల్చాక కొన్నింటిపై చెట్ల రసంతో నల్లరంగు వేసి, మళ్లీ సన్నటి సెగ చూపించి మాడ్చేవారు. ఇది కాలంతో రాలిపోతుంది. ఇప్పుడు బోడిగా కనిపించే ముఖాల్లో కొన్నింటికి ఒకప్పుడు నల్లటి చారలు ఉండేవన్నమాట.

ఒకే అచ్చులో తీసిన రెండు కూజాలను పక్కపక్కన పెడితే ఆసక్తికరమైన సంగతి బయటపడుతుంది. ముఖం ఒకటే అయినా పూత వేరు, ముఖం మీది చారల వరస వేరు, తలగుడ్డ మీది నమూనా వేరు. అంటే పోలికను అచ్చుకు వదిలేసి, ఆ మనిషి ఏ వేషంలో, ఏ సందర్భంలో ఉన్నాడన్నది ఒక్కో కూజాకు విడిగా నిర్ణయించారు. ఇంకో వైపు ‘తెగిన పెదవి’ లాంటి వాళ్లకు వయసును బట్టి కొత్త అచ్చులు తయారయ్యాయి. పాత అచ్చు చేతిలో ఉండగా కొత్తది ఎందుకు చేయాలి? అందంగా ఉన్న ముఖాన్ని తీస్తూ పోవడమే ఉద్దేశమైతే ఆ అవసరమే లేదు. ఆ మనిషి ఇప్పుడు ఎలా ఉన్నాడో జనానికి తెలియాలని ఎవరో కోరుకుని ఉండాలి.

ఇదంతా ఇంటి అరుగు మీద సరదాగా చేసిన పని కాదు. చికామా లోయలో సెర్రో మయాల్ అనే చోట 1990లలో జరిగిన తవ్వకాల్లో పెద్ద కుమ్మరి పనిశాల బయటపడింది. విరిగిన అచ్చులు, మాడిపోయిన ముక్కలు, బొమ్మలు కుప్పలుగా దొరికాయి. హువాకాల మధ్య మైదానంలోనూ అలాంటి పనిశాలే ఉంది. పెద్దల కనుసన్నల్లో, పండగల అవసరాలకు తగ్గట్టు పనిచేసిన చోట్లవి.

కొమ్మును బట్టి కాలం

ఈ కూజాలను పక్కనుంచి చూస్తే తల పైభాగం నుంచి రెండు గొట్టాలు విల్లులా వంగి పైన కలుస్తాయి. కలిసిన చోట ఒకే కొమ్ము నిటారుగా లేస్తుంది. గుర్రపు జీను రికాబులా ఉంటుంది కాబట్టి దీన్ని రికాబు కొమ్ము అంటారు. మోచేల కంటే వెయ్యేళ్లకు పైగా ముందే, కూపిస్నీకే అనే పాత సంస్కృతి కాలంలోనే, ఈ తీరంలో ఇలాంటి కొమ్ములు ఉన్నాయి. పట్టుకోవడానికి వీలు, తాడు కట్టి మోయడానికి వీలు, ఇరుకు మూతి కాబట్టి నీరు తొందరగా ఆవిరవదు. ఒక గొట్టంలోంచి ద్రవం వస్తుంటే రెండో గొట్టంలోంచి గాలి లోపలికి పోతుంది. మొక్కజొన్నను మొలకెత్తించి పులియబెట్టి చేసే చిచా అనే పానీయం వీటిలో పోసేవారన్నది ఎక్కువమంది అభిప్రాయం.

ఈ కొమ్మునే గడియారంగా వాడినవాడు రఫాయెల్ లార్కో ఓయ్లే. చికామా లోయలో చెరకు తోటల ఆసాముల కుటుంబం ఆయనది. 1926లో తమ చిక్లీన్ ఎస్టేట్‌లోనే మ్యూజియం పెట్టాడు. ఇప్పుడది లిమా నగరంలో ఉంది, దాదాపు 45,000 వస్తువులతో. ముఖాల అందానికి లొంగిపోకుండా లార్కో కొమ్ముల్ని కొలిచాడు. మొదటి దశలో కొమ్ము పొట్టిగా, మూతి దగ్గర లావుపాటి అంచుతో ఉంటుంది. మూడో దశలో పైకి పోయేకొద్దీ విచ్చుకుంటుంది. నాలుగో దశలో పొడవుగా, తిన్నగా నిలుస్తుంది. అయిదో దశలో పైకి సన్నబడుతుంది. 1948లో ఆయన ప్రకటించిన ఈ అయిదు దశల వరస మోచే కాలక్రమానికి దశాబ్దాల పాటు ఆధారమైంది. తర్వాత వచ్చిన రేడియో కార్బన్ లెక్కలు ఈ దశలు ఒకదాని మీదికి ఒకటి జరిగాయని, ఉత్తర లోయలకు ఇది అతకదని చూపించాయి. దక్షిణాన మాత్రం స్థూలంగా ఇంకా పనికొస్తోంది. బొమ్మలో ఏమాత్రం సొగసు లేని భాగం నుంచి ఇంత చరిత్ర రాబట్టడం చిన్న విషయమేం కాదు.

ఆ కొమ్ముల లెక్కన చూస్తే మొదటి రెండు దశల్లో తల ఆకారపు కూజాలు ఉన్నాయి గానీ అవి ‘ఒక ముఖం’ మాత్రమే, ఫలానా మనిషి ముఖం కాదు. మూడో దశలో పోలికలు విడివడతాయి. నాలుగో దశలో ఈ విద్య పతాక స్థాయికి చేరుతుంది. చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న సుమారు 35 సెంటీమీటర్ల ఎత్తు కూజా లాంటివి ఈ కళ ఎంత దూరం వెళ్లిందో చూపిస్తాయి. మామూలు ముఖకూజాలు చాలావరకు 15 నుంచి 30 సెంటీమీటర్ల మధ్య ఉంటాయి, అంటే రెండు చేతుల్లో పట్టేంత. అయిదో దశకు వచ్చేసరికి ఈ కళ కనుమరుగవుతుంది.

ఎవరీ మనుషులు?

అమెరికన్ పురాతత్వవేత్త క్రిస్టొఫర్ డొనన్ లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో దశాబ్దాల పాటు మోచే కళావస్తువుల ఫొటోలు పోగుచేశాడు. ప్రపంచమంతా చెదిరిపోయిన మ్యూజియాల నుంచి, సొంత సేకరణల నుంచి లక్షకు పైగా ఫొటోలు అలా ఒక చోటికి చేరాయి. అందులో ముఖకూజాలు 900కు పైగా ఉన్నాయి. బెర్లిన్‌లో ఒకటి, లిమాలో ఒకటి, చికాగోలో ఒకటిగా ఉన్నంతకాలం ఎవరికీ కనపడని సంగతి, ఫొటోలు పక్కపక్కన చేరగానే కనపడింది. అవే ముఖాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. ‘తెగిన పెదవి’తో పాటు ‘పొడుగు ముక్కు’, మీసాలున్న ‘బిగోతే’ లాంటి వాళ్లను డొనన్ విడిగా గుర్తించాడు.

వీళ్లు పాలకులని లార్కో నాటి నుంచి ఉన్న అభిప్రాయం. బరువైన చెవి కమ్మలు, పక్షి బొమ్మలో పులి తలో కుట్టిన తలపాగాలు, ముఖానికి రంగులు చూస్తే సామాన్యులు కారని తెలుస్తూనే ఉంది. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ముఖకూజాల్లో గొప్ప వేషంతో కనిపించే వాళ్లలో కొందరు నిండు శరీరపు బొమ్మల్లో ఖైదీలుగా కూడా కనిపిస్తారని డొనన్ చూపించాడు. బట్టల్లేకుండా, మెడకు తాడుతో, చేతులు వెనక్కి కట్టి కూర్చున్న బొమ్మలవి. తలపాగా ఉండదు. చెవి తమ్మెలకు కమ్మలు పోయి రంధ్రాలు మిగులుతాయి. మోచే చిత్రాల్లో ఓటమికి గుర్తులు ఇవే. గెలిచినవాడు ఓడినవాడి జుట్టు పట్టుకుంటాడు, తలపాగా ఊడగొడతాడు, ఆయుధాలు, దుస్తులు మూటగట్టుకుపోతాడు. తలపాగా అంత శ్రద్ధగా చేసిన ముఖకూజాను ఈ వెలుగులో చూస్తే, తల మీద గుడ్డ ఉండటం దానంతట అదే ఒక ప్రకటన అవుతుంది.

ఇవి ఊహాచిత్రాలు కావు. 1995లో హువాకా దె లా లూనాలోని ఒక ఆవరణలో స్టీవ్ బుర్జే తవ్వకం జరిపినప్పుడు కనీసం 75 మంది మగవాళ్ల ఎముకలు బయటపడ్డాయి. వాళ్ల వయసు 15 నుంచి 39 మధ్య. ఎముకల్ని పరీక్షించిన జాన్ వెరానో మెడపూసల మీద కత్తి గాట్లు, అంతకుముందు తగిలి మానిన దెబ్బల ఆనవాళ్లు గుర్తించాడు. పోరాటాలు చేసిన మనుషులన్నమాట. కొన్ని శవాలు బురద పొరల్లో చిక్కుకుని ఉన్నాయి. వాన ఎరగని ఎడారిలో బురద పేరుకుందంటే, పసిఫిక్ నీళ్లు వేడెక్కిన ఏడాదుల్లో ఆ తీరాన్ని ముంచే ఎల్ నీన్యో కుండపోతలు కురిశాయని అర్థం. అదే చోట, ఆ ఎముకల మధ్యే, కావాలని పగలగొట్టిన కాల్చని మట్టి బొమ్మలు దొరికాయి. మెడకు తాడు ఉన్న నగ్న పురుషుల బొమ్మలవి. మనిషికి జరిగిందే బొమ్మకూ జరిగింది.

దీన్ని బట్టి డొనన్ చెప్పింది: ముఖకూజాల్లోని వాళ్లు ఊరి గొప్ప కుటుంబాల నుంచి వచ్చిన యోధులు, నియమాల ప్రకారం జరిగే ద్వంద్వయుద్ధాల్లో దిగి, చివరికి ఓడిన నాడు బలి అయినవాళ్లు. ‘తెగిన పెదవి’ ముఖం ముప్ఫైల నడుమ ఆగిపోవడం ఈ వాదానికి అతుకుతుంది. ఇదే ఆఖరి మాట అనుకోనక్కర్లేదు. బలి అయినవాళ్లు సొంత ఊరి యోధులా, పొరుగు లోయల్లో పట్టుబడ్డ శత్రువులా అన్న వాదన పళ్ల ఆకృతులను, జన్యువులను పరీక్షించే దాకా వెళ్లింది. పైగా ఖైదీ బొమ్మల్లో ముఖం పోలిక మసకగానే ఉంటుంది. అతనే ఇతనని తేల్చడంలో చూసేవాడి కన్ను వాటా ఎంతో కొంత ఉండక తప్పదు. అయినా డొనన్ వాదంలోని ఒక భాగం మాత్రం కొట్టిపారేయడం కష్టం. రాజుల బొమ్మలే అయితే, ఓడి తాడు పడ్డ రాజు బొమ్మను సొంత పనిశాలలోనే తయారుచేయనిచ్చే వ్యవస్థ ఏమిటో చెప్పాల్సి వస్తుంది. పోటీలో నిలిచిన వీరుడైతే అతని గెలుపూ ఓటమీ రెండూ జనం చూడాల్సినవే. ఒకే ముఖం పదుల కూజాలుగా, పలు లోయలకు చేరడం కూడా ఆ వైపే మొగ్గుతుంది. అది ఒక మనిషి తన సమాధి కోసం చేయించుకున్న స్మృతిచిహ్నం అయి ఉండదు. ఇతరులు తాగి, దాచుకుని, చివరికి తమతో పాతిపెట్టించుకున్న ముఖం. చాలా కూజాల మీద వాడకపు అరుగుదల, పెచ్చులు కనిపిస్తాయి. సమాధిలోకి వెళ్లే ముందు అవి చేతులు మారాయి.

ముఖం దక్కనివాళ్లు

ముఖకూజాల్లో దాదాపు అందరూ మగవాళ్లే. ఎదిగిన ఆడవాళ్ల ముఖాలు ఈ పద్ధతిలో చేయలేదు. పిల్లలు అరుదు. ఆడవాళ్లు మోచే మట్టిబొమ్మల్లోనే లేరా అంటే ఉన్నారు: బిడ్డకు పాలిస్తూ, బరువు మోస్తూ, పురుడు పోసుకుంటూ. అక్కడ ముఖం పోలిక ముఖ్యం కాదు, చేస్తున్న పని ముఖ్యం.

అధికారం లేక కాదు ఇలా జరిగింది. 1991లో హెకెతెపెకే లోయలోని సాన్ హోసే దె మోరోలో దొరికిన సమాధిలోని స్త్రీ, మోచే చిత్రాల్లో బలి రక్తపు గిన్నెను అందించే పూజారిణి వేషంతోనే పాతిపెట్టి ఉంది. చికామా లోయలోని ఎల్ బ్రూహోలో 2006లో బయటపడ్డ ‘కావో దొరసాని’ ఒంటి నిండా పచ్చబొట్లతో, గదలతో, కిరీటాలతో ఉంది. ముఖకూజాలు వర్ధిల్లిన లోయే అది. ఆమె ముఖం ఎలా ఉండేదో జనం చూసింది మాత్రం 2017లో, పుర్రె కొలతల నుంచి కంప్యూటర్ సాయంతో నమూనా తయారుచేశాక.

ఉత్తరాన లంబాయేకే లోయలోని సిపాన్ సంగతీ ఇలాంటిదే. 1987లో దొంగల కంటే ఒక అడుగు ముందు వాల్టర్ ఆల్వా బృందం తవ్వి తీసిన ‘సిపాన్ ప్రభువు’ సమాధి అమెరికా ఖండాల్లోనే అత్యంత సంపన్నమైన వాటిలో ఒకటి. అందులో బంగారం, వెండి, రాగి, టర్కాయిస్ అనే నీలాకుపచ్చ రాయి ఉన్నాయి. సమాధికి చేరువలో కానుకగా పేర్చిన కుండలే వెయ్యికి పైగా. అవన్నీ అచ్చులో హడావుడిగా తీసిన నాటు కుండలు. ప్రభువు పోలిక ఉన్న కూజా ఒక్కటీ లేదు. ఉత్తరాది పాలకుడికి గొప్పతనం చాటడానికి లోహం ఉంది, సొంత ముఖం అక్కర్లేదు. అధికారం ఉన్నచోట ముఖకూజా ఉంటుందన్న సూత్రం ఇక్కడ తెగిపోతుంది. ముఖకూజా అవసరం దక్షిణాది రాజకీయాలకు, అక్కడి పోటీలకు సంబంధించింది.

ఆ ప్రభువు మెడలో ఉన్న హారం గురించి మాత్రం ఒక మాట చెప్పుకోవాలి: పది బంగారు, పది వెండి వేరుశనగ కాయలు. మోచే కుమ్మరులు వేరుశనగల్నీ, మొక్కజొన్న కంకుల్నీ, బంగాళాదుంపల్నీ కూడా కూజాలుగా చేశారు. రాయలసీమ పొలాల్లో తరాలుగా పండుతున్న వేరుశనగ పుట్టిల్లు దక్షిణ అమెరికాయే. పల్లీ చట్నీ తినే ఇళ్లకూ మోచే కూజాలకూ ఉన్న సంబంధం అంతే, కానీ అది నిజమైన సంబంధం.

సమాధి నుంచి సంతకు

ఇప్పుడు మ్యూజియాల్లో ఉన్న ముఖకూజాల్లో అత్యధికం పద్ధతి ప్రకారం తవ్వి తీసినవి కావు. 17వ శతాబ్దం తొలినాళ్లలోనే స్పానిష్ వాళ్లు బంగారం కోసం మోచే నదిని మళ్లించి హువాకా దెల్ సోల్ మీదికి వదిలారు. మూడింట రెండు వంతులు కొట్టుకుపోయింది. ఆ తర్వాత గోతులు తవ్వే స్థానికులు, వాళ్ల దగ్గర కొనే దళారులు, కొనిపించుకునే సేకర్తలు. లార్కో కూడా ఆ సేకర్తల్లో ఒకడే. తేడా ఏమిటంటే ఆయన కొన్నవాటిని దేశంలోనే ఉంచాడు, సొంతంగా తవ్వి సమాధుల వివరాలు రాసుకున్నాడు కూడా.

కొల్లగొట్టిన కూజాకు ముఖం మిగులుతుంది, మిగతాదంతా పోతుంది. పక్కన పాతిపెట్టింది మగవాడా ఆడదా, ఊరి పెద్దా కుమ్మరా, ఎన్ని కుండల మధ్య ఉంది, లోపల ఏముంది, ఇవన్నీ గోతిలోనే పూడిపోయాయి. పోలిక మీద అంత భారం వేసి మాట్లాడాల్సి రావడానికి అసలు కారణం ఇది. సందర్భం చేతిలో ఉన్న సిపాన్‌లో వాదనలు ఒక విధంగా సాగితే, ముఖం తప్ప ఇంకేమీ లేని కూజాల దగ్గర ఇంకో విధంగా సాగుతాయి.

చట్టం లేక కాదు. 1929లోనే పెరూ పురాతన కట్టడాలను, వాటిలోని వస్తువులను ప్రభుత్వ రక్షణ కిందికి తెచ్చింది. సిపాన్ దోపిడీ సొత్తు అమెరికాకు చేరడంతో ఆ దేశం 1990లో అత్యవసరంగా సిపాన్ వస్తువుల దిగుమతిని ఆపింది. 1997లో రెండు దేశాల ఒప్పందం పరిధిని పెంచింది. ఈలోగా నకిలీలు కూడా కోకొల్లలయ్యాయి. అచ్చులో తీసే వస్తువు కాబట్టి నకలు తీయడం తేలిక. నేలలో దొరికిన పాత అచ్చులోనే కొత్త మట్టి నొక్కితే ముఖం నూటికి నూరుపాళ్లు అసలుదే. పట్టుకోవడానికి మట్టి చివరిసారి ఎప్పుడు కాలిందో చెప్పే థర్మోల్యూమినిసెన్స్ పరీక్ష కావాలి. నిపుణుడి కన్ను అంతకుముందే కొమ్ము దగ్గర ఆగుతుంది. నాలుగో దశ ముఖానికి మొదటి దశ కొమ్ము తగిలించిన కూజాలు సంతలో దొరుకుతూనే ఉంటాయి.

ఆగిపోయిన పోలిక

6వ శతాబ్దంలో ఈ తీరానికి గడ్డు రోజులు వచ్చాయి. ఆండీస్‌లోని కెల్కాయా హిమానీనదం నుంచి తీసిన మంచు పొరల్లో 563 నుంచి 594 దాకా సాగిన పెద్ద కరువు జాడ ఉంది. ఎల్ నీన్యో వరదలు, ఇసుక మేటలు దానికి తోడు. ఒక్క వాతావరణమే మోచేలను కూల్చిందని ఇప్పుడెవరూ అనడం లేదు. కరువు తర్వాత కూడా హువాకాల పట్టణం కొంతకాలం నడిచింది. కానీ కాలువలు, పండగలు, పోటీలు, బలులు అన్నీ కలిసి నిలబెట్టిన నమ్మకం సడలిందన్నది కుండల్లో కనిపిస్తుంది. అయిదో దశ కూజాల మీద సన్నటి గీతల చిత్రాలు కిక్కిరిసిపోతాయి. అలలు, పడవలు, దేవతలు కనిపిస్తాయి. ఫలానా మనిషి ముఖం మాత్రం ఉండదు. ఆ ముఖాల్ని చూడాల్సిన జనం, చూపించాల్సిన పెద్దలు లేకపోతే కుమ్మరి కొత్త అచ్చు ఎందుకు చేస్తాడు?

తర్వాత అదే మోచే లోయలో చాన్ చాన్ నగరం కట్టిన చిమూలకు అచ్చుల విద్య బాగా వచ్చు. పొగలో నల్లగా కాల్చిన వాళ్ల కూజాలు వేల సంఖ్యలో దొరికాయి. మనుషుల తలలూ చేశారు, కానీ అవి ఎవరి తలలూ కావు. రికాబు కొమ్మును మాత్రం వాళ్లు వదల్లేదు; గొట్టం, కొమ్ము కలిసేచోట చిన్న కోతినో పక్షినో కూర్చోబెట్టడం వాళ్ల ముద్ర. 1470 ప్రాంతంలో ఇంకాలు చిమూలను జయించాక కూడా ఆ కొమ్ము కొనసాగింది. స్పెయిన్ వాళ్లు వచ్చాక తొలి దశాబ్దాల్లో ఉత్తర తీరపు కుమ్మరులు పాత అచ్చుల పద్ధతిలోనే కూజాలు తీసి, వాటికి కొత్తగా నేర్చుకున్న ఆకుపచ్చ గాజుపూత వేశారు.